తొందరేటి?

అట్ట లేదు ఆ పుస్తకానికి.
పొందూరు శాఖా గ్రంథాలయంలో
వానకి ఉబ్బిన బీరువా కింది అరలో దొరికింది.
ముద్ర వేస్తూ గవరయ్య అన్నాడు:
"ఇందల హంతకుడు దొరకడమ్మా.
ముందే సెప్తన్నాను, తర్వాత నన్ననకు."
చివర చెప్పేస్తే కోపం రావాలి ఎవరికైనా.
నాకెందుకో నోరూరింది.

మొదటి పేజీలోనే నూనెమిల్లు గుమాస్తా జోగినాథం
తెలగపిండి బస్తాల మీద బోర్లా పడి ఉంటాడు.
ఆ తర్వాత అరవై పేజీలు
ఏమీ జరగదు.
ఇన్‌స్పెక్టరు టీ తాగుతాడు.
గోడకి చేరేసిన సైకిలు ఎవరిదని అడుగుతాడు.
మాది కాదంటారు.
మర్నాడు వచ్చి మళ్లీ అడుగుతాడు.
ఆ సైకిలు గంటకి తుప్పు పట్టడం
పేజీన్నర.

మా ఆడపడుచు రవణమ్మ నాలుగు కాగితాలు తిప్పి ఇచ్చేసింది:
"ఏటొదినా, శవం లెగిసే లోపల
పెద్దకర్మం అయిపోయేటట్టుంది!"

నాకు ఆ నిదానం తెలుసు.
వాలుగ చేప దవడ పట్టుకుని
గింజ మీది దూదిని పోగు పోగు దువ్వినదాన్ని.
పళ్లు చిన్నవి, పత్తికాయ చిన్నది, పొద్దు పెద్దది.
లాగితే తెగుతుంది, వదిలితే ముడిపడుతుంది,
వేలికొసకి తెలిసినంత వేగమే వేగం.
ఈ రాసినాయన ఎవరో గానీ
ఏ జన్మలోనో కదురు ముందు కూర్చున్నాడు.

పగలు చిలపలు, రాత్రి పది పేజీలు.
పదే.
పదకొండోది తిప్పితే దొంగతనం చేసినట్టుంటుంది.
ఏకులా ఇంట్లోకొచ్చి మేకై కూర్చుంది పుస్తకం.
ఊక పొయ్యి అది, మంట పైకి కనపడదు,
చల్లారిందనుకుని చెయ్యి పెడితే తెలుస్తుంది.
కూర మాడిన రోజు మా ఆయన అడిగాడు,
"ఏటయిందీవేళ?"
"వాచ్‌మన్ అబద్ధం ఆడేడు" అన్నాను.
ఆయన ఇంకేమీ అడక్కుండా
మాడింది పక్కకి తీసుకుని తిన్నాడు.

నూట పన్నెండో పేజీ అంచున మొదటిసారి చూశాను,
పెన్సిలుతో: "తమ్ముడే."
నూట నలభైలో నీలం సిరా:
"కాదు, భార్య. గాజులు లెక్కెట్టు."
వెనక్కి తిప్పి లెక్కెట్టాను.
నిజమే, రెండు తక్కువ!
ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఆ తల్లి.
రెండొందల మూడులో
కాగితం అవతలికి దిగేంత ఒత్తి:
"ఓనరు. 7 గంటలకి గేటు తాళం ఎవడి దగ్గిరుంది?"

ఆ ఏడుకి నడుం మీద అడ్డగీత.

జూట్ మిల్లు లాకౌటయ్యాక మా వీధి మలుపులో
కుట్టుమిషను పెట్టుకున్న సింహాద్రి
రశీదు మీద ఏడు అలాగే వేస్తాడు.
జాకెట్టు ఆది ఇస్తూ అడగబోయాను.
పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు.
ఇన్‌స్పెక్టరైతే అడగడు,
ఊరికే నిలబడి చూస్తాడు.
నేనూ కాసేపు నిలబడి చూశాను.
"ఏటి?" అన్నట్టు కళ్లెగరేశాడు.
"చేతులు కాస్త పొడుగు పెట్టు" అన్నాను.

ఆఖర్న ఇన్‌స్పెక్టరు రిటైరైపోతాడు.
స్టేషను వెనక పాత సామాన్ల వేలంలో
ఆ సైకిలు తొంభై రూపాయలకి తనే పాడుకుని
తొక్కుకుంటూ ఇంటికెళతాడు.
గంట మోగదు.
అంతే.

తర్వాతి కాగితం తెల్లగా ఉంది.
దాని మీద ఎవరో "మోసం" అని రాశారు.
కింద ఇంకెవరో, చాలా చిన్నగా, "కాదు."

గడువు రెండుసార్లు పెంచుకుని
నిన్న తిరిగి ఇచ్చేశాను.
ఇచ్చే ముందు మళ్లీ మొదటికెళ్లి
ముప్పై ఒకటో పేజీలో
ఇన్‌స్పెక్టరుకి టీ తెచ్చిన కుర్రాడి పేరు కింద
తుడిస్తే పోయేంత సన్నగా
ఒక గీత గీశాను.
ఆ కుర్రాణ్ణి ఎవరూ అనుమానించలేదు.
చేసింది వాడేనని నేనూ అనటం లేదు.

"దొరికేడా?" నవ్వాడు గవరయ్య.
"ఎవుడు?" అన్నాను.

ఇప్పుడు అరుగు మీద కూర్చుని వడుకుతూ
గ్రంథాలయం నుంచి ఎవరు వస్తున్నా
చంకలో అట్టలేని పుస్తకం ఉందేమో చూస్తాను.
ఉన్నా లేకపోయినా
దారం తెగకుండా.